వణుకుడు జబ్బుకు పేరైన పేదల డాక్టరు జేమ్స్ పార్కిన్సన్

మన నందికొట్కూరు బస్టాండులోనో, పల్లెల్లో రచ్చకట్టల మీదనో కొందరు పెద్దవాళ్లు కనిపిస్తుంటారు. చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నా వణుకుతూనే ఉంటుంది. లేచి నడవాలంటే అడుగు పడదు. పడిందంటే ముందుకు తూలుతూ, పరుగులాంటి చిన్న చిన్న అడుగులు. వయసు మీద పడిందిలే అని ఇంట్లో వాళ్లు సరిపెట్టుకుంటారు. ఆయుర్వేదంలో దీన్ని కంపవాతం అన్నారు. ఇప్పటి డాక్టర్లు పార్కిన్సన్ వ్యాధి అంటున్నారు. ఆ పేరు గల మనిషి ఎవరా అని వెతికితే, మాలాంటి హాస్టల్ పిల్లలు తప్పక తెలుసుకోవాల్సిన వ్యక్తి అనిపించింది.

జేమ్స్ పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11న లండన్ పక్కనున్న హాక్స్‌టన్‌లో జన్మించారు. తండ్రి జాన్ కూడా వైద్యుడే. జేమ్స్ తండ్రి దగ్గరే పని నేర్చుకుని, 1776లో లండన్ హాస్పిటల్‌లో ఆరు నెలలు చదివి, 1784లో సర్జన్‌గా అర్హత పొందారు. పెద్ద పేరొచ్చినా ఊరు వదలలేదు. ఆ పేటలో కూలీలు, దిక్కులేని వాళ్లే ఎక్కువ. వాళ్లకే ఆయన జీవితాంతం వైద్యం చేశారు.

చదువు మీద ఆయనకున్న శ్రద్ధ మాకు బాగా నచ్చింది. షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని, 1785లో జాన్ హంటర్ అనే గొప్ప సర్జన్ పాఠాలను విని రాసుకున్నారు. అప్పటికే ఆయన సొంతంగా వైద్యం చేస్తున్నారు, వయసు ముప్పై! వైద్య విద్యార్థుల కోసం 1800లో ఒక పుస్తకం రాసి, అందులో షార్ట్‌హ్యాండ్ నేర్చుకోమని వాళ్లకూ సలహా ఇచ్చారు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆస్తిపాస్తులున్న కొద్దిమంది మగవాళ్లకే ఓటు ఉండేది. ఇది అన్యాయమని పోరాడిన సంఘంలో పార్కిన్సన్ చేరారు. ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో కరపత్రాలు రాశారు. 1794లో రాజు మూడవ జార్జిని నాటకశాలలో విషపు బాణంతో చంపడానికి కుట్ర జరిగిందని ప్రభుత్వం కొందరిని పట్టుకుంది. వాళ్లు తన సంఘం సభ్యులు. పార్కిన్సన్ ప్రివీ కౌన్సిల్ ఎదుట నిలబడి, ఆ కరపత్రాల రచయితను తానేనని ఒప్పుకున్నారు. దేశద్రోహం కింద ఉరిశిక్ష పడే కాలం అది. భార్యాబిడ్డలున్న ఒక మామూలు డాక్టరుకు అంత ధైర్యం ఎక్కడిదో!

రాళ్లలో దొరికే ప్రాచీన జీవుల అవశేషాల మీద మూడు పెద్ద సంపుటాలు రాశారు. 1807లో లండన్ జియలాజికల్ సొసైటీని స్థాపించిన వారిలో ఆయనా ఒకరు. (మన బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గుహల్లో 1880లలో దొరికిన ఎముకల్లో ఖడ్గమృగం ఎముకలూ ఉన్నాయి. దానికి కర్నూలు పేరే పెట్టారు. పార్కిన్సన్ చూసి ఉంటే ఎంత సంతోషించేవారో.)

ఆయన పేరు నిలిపింది మాత్రం 1817లో, 62వ ఏట అచ్చు వేసిన 66 పేజీల చిన్న పుస్తకం. అందులో ఉన్నది ఆరుగురి సంగతి మాత్రమే. వారిలో కొందరు ఆయన రోగులే కారు, వీధిలో కనిపించిన వాళ్లు. ఒకరినైతే దూరం నుంచి చూశారంతే. మెషిన్లు లేవు, స్కానింగులు లేవు. కళ్లతో చూసే, కదలకుండా ఉన్న చేతికే వణుకు వస్తుందని, ఒళ్లు ముందుకు వంగుతుందని, నడక తనకు తానే పరుగవుతుందని రాశారు. మనం పట్టించుకోకుండా దాటిపోయే వాళ్లను ఆయన నిలబడి చూశారు. 1824 డిసెంబర్ 21న కన్నుమూశారు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు ఫ్రాన్సు డాక్టరు షార్కో ఈ జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టారు.

మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు చనిపోవడమే దీనికి మూలమని తరువాత తెలిసింది. 1960లలో లెవోడోపా మందు వచ్చింది. మన చేలగట్ల మీద తగిలితే దురద పెట్టే దూలగొండి గింజల్లో ఈ పదార్థం ఉందని 1937లోనే మద్రాసు శాస్త్రవేత్తలు చూపించారు. అలాగని గింజలు నూరి మింగరాదు, మోతాదు తప్పితే ప్రమాదం. డాక్టరు రాసిన మందే వాడాలి.

నడకకు ఇప్పుడు రోబోలు కూడా వచ్చాయి. రోగిని బెల్టులతో పైనుంచి పట్టి, కదిలే పట్టా మీద నిలబెట్టి, కాళ్లకు కట్టిన మోటారు చట్రంతో అడుగులు వేయిస్తారు. మళ్లీ మళ్లీ వేయించే ఆ అడుగులతో నడక మెరుగుపడుతుందని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అయితే జబ్బు మరీ ముదరని వారికి మామూలు ట్రెడ్‌మిల్ కన్నా రోబో మేలేమీ కాదని 2012లో ఇటలీలో చేసిన పరీక్షలో తేలింది. కాబట్టి రోబో లేదని మన తాతలు, జేజిలు దిగులు పడనక్కరలేదు. అడుగు పడక నిలిచిపోయే వారికి నేల మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి, వాటిని దాటమంటే కొందరు చక్కగా నడుస్తారు. చప్పట్ల తాళం కూడా పనిచేస్తుంది. పక్కన ఒకరు ఉండాలి, పడిపోకుండా.

ప్రతి సంవత్సరం ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్ దినంగా జరుపుతున్నారు. ఈ పేజీకి ఆయన బొమ్మ వేద్దామని వెతికాము. ఆయన చనిపోయేనాటికి మనుషులను ఫోటో తీయడం మొదలే కాలేదు. నమ్మదగిన చిత్రపటమూ లేదు. ఆయన పేరుతో తిరుగుతున్న గడ్డం ఫోటో అదే పేరు గల మరొకరిది. అందుకే బొమ్మ వేయలేదు.