గ్రంథ పరిష్కర్త్రిగా బెంగుళూరు నాగరత్నమ్మ

తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధిపై మందిరాన్ని కట్టించిన గాయనిగా బెంగుళూరు నాగరత్నమ్మ పేరు సంగీతలోకంలో సుప్రసిద్ధం. తెలుగు గ్రంథ పరిష్కర్తల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం ఆ పేరు అరుదుగా వినవస్తుంది. ఆమె 1910లో వెలువరించిన ‘రాధికా సాంత్వనము’ను చూచిన వారికి ఈ ఉపేక్ష ఆశ్చర్యం కలిగించక మానదు.

ఆమె 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో జన్మించారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులానికి చెందినది. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య శాస్త్రి వద్ద బాల్యంలోనే సంస్కృతాభ్యాసం జరిగింది. కన్నడాంధ్రాలు కూడ చక్కగా అలవడినవి. పిమ్మట బెంగుళూరులో మునుస్వామప్ప వద్ద సంగీతం నేర్చి, మద్రాసు చేరి గొప్ప కీర్తి గడించారు. కచ్చేరీలు, సన్మానాలు, సంపద ఇవన్నీ ఇతరత్ర వర్ణితాలే గనుక ఇక్కడ వాటిని విస్తరించ నక్కరలేదు.

తంజావూరు సారస్వతాన్ని గూర్చి చదువుతూ ఉండగా ఆమెకు ముద్దుపళని పేరు తటస్థించింది. ముద్దుపళని 18వ శతాబ్దిలో మహారాష్ట్ర ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానాన్ని అలంకరించిన కవయిత్రి. ఆమె కావ్యమైన రాధికా సాంత్వనాన్ని పైడిపాటి వేంకటనరసు 1887లో ముద్రింపించి ఉన్నారు. నాగరత్నమ్మ ఎంతో ప్రయాసతో ఆ ప్రతిని సంపాదించి చదివారు. దానితో తృప్తిపడక వ్రాతప్రతిని కూడ సేకరించి, రెండింటిని పోల్చి చూచారు. పోల్చగా ముద్రిత ప్రతిలోని లోపాలు బయటపడినవి. కొన్ని పద్యాలు లేవు. అంతకంటె ముఖ్యంగా, అవతారికయే లేదు.

ప్రబంధాలలో అవతారిక ఎంతటి విలువ గలదో సాహిత్య చరిత్ర వ్రాసేవారికి తెలియనిది కాదు. కవి కాలం, వంశం, గురువు, పోషకుడు మనకు తెలియవచ్చేది ప్రధానంగా అక్కడనే. ముద్దుపళని తన కవితా వారసత్వాన్ని పితామహి తంజనాయకి నుండి, మేనత్త నుండి చెప్పుకొన్నది కూడ ఆ భాగంలోనే. స్త్రీల పరంపరగా ఒక కవయిత్రి చెప్పుకొన్న వంశక్రమమది. కారణమేదైనా, తొలి ముద్రణలో లోపించినది సరిగా అదే. దానిని యథాస్థానంలో నిలిపి, 584 పద్యాల కావ్యాన్ని తన పీఠికతో నాగరత్నమ్మ ప్రకటించగా, వావిళ్ళవారు ముద్రించారు.

ముద్దుపళని శృంగారం స్త్రీ నోట రాదగనిదని కందుకూరి వీరేశలింగం పంతులు ఆంధ్ర కవుల చరిత్రలో నిందించారు. నాగరత్నమ్మ పీఠికలో ఆ నిందకు సమాధానం ఉన్నది. సిగ్గు అనేది స్త్రీలకు మాత్రమే విధింపబడినదా అని ఆమె అడిగారు. పంతులుగారే శ్రద్ధతో పరిష్కరించి విద్యార్థులకు పాఠ్యంగా ఆమోదింపజేసిన ‘వైజయంతీ విలాసము’ను ఎత్తిచూపి, దానిలోని శృంగారం ఏ విధంగా తక్కువదని నిలదీశారు. పురుష కవులకు ఒక కొలత, కవయిత్రికి మరొక కొలత పెట్టడాన్ని ఆమె ఖండించిన తీరు తర్కబద్ధమైనది. వీరేశలింగం స్త్రీవిద్య కొరకు చేసిన కృషి ఎవరును కాదనలేనిది గనుకనే ఈ వివాదం మరింత ఆలోచనీయం.

వాదంతో వ్యవహారం ముగియలేదు. గ్రంథం అశ్లీలమన్న ఆరోపణ ప్రభుత్వం దాకా పోయింది. 1911లో ప్రతులు స్వాధీనమై, నిషేధం అమలులోకి వచ్చింది. పండితులు పలువురు గ్రంథం పక్షాన విన్నవించినా ఫలితం లేకపోయింది. మూడు దశాబ్దాలకు పైగా గడచి, టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ ఆంక్ష తొలగలేదు.

నడుమ ఆమె శ్రద్ధ తిరువయ్యూరు మీదికి మళ్ళింది. శిథిలమై ఉన్న త్యాగరాజ సమాధి స్థలంలో ఆమె సొంత ధనంతో కట్టించిన మందిరానికి 1926లో కుంభాభిషేకం జరిగింది. అక్కడి ఆరాధనలో స్త్రీలకు పాడే అవకాశం లేదని తెలిసి, 1927లో స్త్రీల చేత వేరుగా ఆరాధన జరిపించారు. త్యాగరాజస్వామిపై సంస్కృతంలో అష్టోత్తర శతనామావళిని కూడ రచించారు. ఆమె సంస్కృత పాండిత్యానికి అది సాక్ష్యం.

వావిళ్ళవారు రాధికా సాంత్వనాన్ని 1952లో పునర్ముద్రించారు. ఆ సంవత్సరమే మే 19న నాగరత్నమ్మ కన్నుమూశారు. త్యాగరాజ సన్నిధికి ఎదురుగా ఆమె సమాధి ఉన్నది. ఏటేటా ఆరాధనకు వచ్చే వేలమంది దానిని దర్శిస్తున్నారు. వారికి ఆమె గాయనిగా తెలుసును. ముద్దుపళని అవతారికను ఉటంకించే పరిశోధకులు మాత్రం, దానిని వ్రాతప్రతి నుండి వెలికి తెచ్చినది ఎవరో పేర్కొనడం అరుదు.