నిప్పుతో కాక్‌టెయిల్ కలిపిన బార్‌టెండర్.. ఎవరీ జెర్రీ థామస్? చివరి రోజుల్లో ఏం జరిగిందంటే..

విస్కీ అదే.. చక్కెర అదే.. నిమ్మతొక్కా అదే. కానీ కలిపే పద్ధతి మారితే రుచే మారిపోతుంది. ఈ కిటుకును 160 ఏళ్ల కిందటే పుస్తకంలో పెట్టిన అమెరికన్ బార్‌టెండర్ జెర్రీ థామస్. కాక్‌టెయిల్ ప్రపంచంలో ఆయన్ని ఇప్పటికీ ప్రొఫెసర్ అనే పిలుస్తారు.

1830లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన థామస్ కుర్రతనంలోనే బార్ పని నేర్చుకున్నారు. 1849లో అందరూ బంగారం కోసం కాలిఫోర్నియాకు పరుగులు తీస్తుంటే ఆయనా వెళ్లారు. అక్కడా చివరికి అన్నం పెట్టింది బార్ కౌంటరే. ఆ తర్వాత ఎన్నో నగరాలు తిరిగారు. వెండి సామగ్రి వెంటబెట్టుకుని యూరప్‌కూ వెళ్లొచ్చారు.

గాల్లో నీలి మంట..

ఆయనకు పేరు తెచ్చింది బ్లూ బ్లేజర్. విస్కీ, మరిగే నీళ్లు కలిపి నిప్పంటిస్తారు. మండుతుండగానే ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి నాలుగైదు సార్లు వంచుతారు. అచ్చం మన టీ కొట్టులో చాయ్ తిరగబోసినట్టే! ఇది ఒట్టి షో మాత్రమే కాదు. మంటకు కొంత ఆల్కహాల్ కాలిపోయి ఘాటు తగ్గుతుంది. అంత ఎత్తు నుంచి పోయడంతో అంతా బాగా కలుస్తుంది. కొత్తవాళ్లు ముందు చన్నీళ్లతో ప్రాక్టీస్ చేయాలని ఆయనే హెచ్చరించారు.

షేక్ చేస్తే ఒకలా.. తిప్పితే ఇంకోలా

1862లో థామస్ పుస్తకం వచ్చింది. అమెరికాలో అచ్చయిన తొలి కాక్‌టెయిల్ పుస్తకంగా దానికి గుర్తింపు ఉంది. అప్పటిదాకా గురువు నుంచి శిష్యుడికి చేతి పనిగానే అందిన విద్య అలా అందరి చేతికీ వచ్చింది. దేన్ని షేక్ చేయాలి, దేన్ని చెంచాతో తిప్పాలి, పుదీనాను ఎలా నొక్కాలి.. అన్నీ రాసిపెట్టారు. టామ్ అండ్ జెర్రీ డ్రింక్‌కైతే గుడ్డు తెల్లసొన, పచ్చసొన విడివిడిగా గిలకొట్టాల్సిందే. తెల్లసొన నురగ వల్లే అది అంత మెత్తగా ఉంటుంది.

కారణం సింపులే. ఐస్‌తో గట్టిగా షేక్ చేస్తే గాలి బుడగలు, మంచు పలుకులు చేరి డ్రింక్ మసకబారుతుంది, తేలిగ్గా అనిపిస్తుంది. చెంచాతో నెమ్మదిగా తిప్పితే తేటగా, నున్నగా ఉంటుంది.

సంపాదించిందంతా షేర్లలో..

న్యూయార్క్ బ్రాడ్‌వేలో థామస్ బార్ ఓ వెలుగు వెలిగింది. కానీ వాల్ స్ట్రీట్ షేర్ల మోజు ఆయన్ని ముంచేసింది. బార్ అమ్ముకోక తప్పలేదు. మళ్లీ నిలదొక్కుకోవాలని చూసినా పాత వైభవం తిరిగి రాలేదు. 1885 డిసెంబర్‌లో 55 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

బార్ పోయింది, డబ్బూ పోయింది. పుస్తకం మాత్రం నిలిచింది. ఆయన పోయాక 1887లో మరో ఎడిషన్ వచ్చింది. ఇప్పటికీ బార్‌టెండర్లు దాన్ని తిరగేస్తూనే ఉన్నారు.

(గమనిక: మద్యపానం ఆరోగ్యానికి హానికరం. నిప్పుతో చేసే ప్రయోగాలు ఇంట్లో అస్సలు చేయొద్దు.)