ఫ్రాయిడ్ గారి బొమ్మల కొలువు

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు కోరినప్పుడు, నేను సిగ్మండ్ ఫ్రాయిడ్‌ను ఎంచుకున్నాను. మనస్తత్వ శాస్త్రంలో ఆయన సిద్ధాంతాల జోలికి పోయే అర్హత నాకు లేదు. వాటిలో ఎన్నింటినో తరువాతి వారు ఖండించారు కూడా. నేను వ్రాయదలచినది ఆయనకున్న ఒక అలవాటు గురించి. నలభయ్యో ఏట మొదలై, ఎనభై మూడో ఏట కన్నుమూసే వరకు అది ఆయనను వదలలేదు. ప్రాచీన నాగరికతల నాటి చిన్న చిన్న వస్తువులను కొని తెచ్చుకొని, బల్ల నిండా పేర్చుకొని, వాటి మధ్య పని చేసుకోవడమే ఆ అలవాటు. సర్వీసులో చాలా కాలం రికార్డు రూములో పాత కాగితాల మధ్య గడిపిన నాబోటి వానికి ఈ సంగతి ఇట్టే మనసుకు పట్టింది.

ఫ్రాయిడ్ 1856 మే 6వ తేదీన మొరేవియా ప్రాంతంలోని ఫ్రైబర్గ్ అనే చిన్న ఊళ్ళో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. వారిది యూదు కుటుంబం. తండ్రి యాకోబ్ ఉన్ని వ్యాపారి. వ్యాపారం దెబ్బ తినడంతో, కొడుకుకు నాలుగేళ్ళ వయసు వచ్చేసరికి కుటుంబం వియన్నా నగరం చేరింది. ఫ్రాయిడ్ అక్కడే చదివి 1881లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. 1886లో మార్తాను వివాహమాడారు. ఆరుగురు సంతానం. 1891లో బెర్గాసె వీధిలో 19వ నంబరు ఇంటికి అద్దెకు మారారు. ఆ ఇంట్లోనే 47 సంవత్సరాలు గడిపారు.

1896 అక్టోబరులో తండ్రి మరణించారు. ఆ దెబ్బ నుంచి ఫ్రాయిడ్ చాలా కాలం తేరుకోలేకపోయారు. ఆ ఏడాది చివరనే ఇటలీ శిల్పాల ప్లాస్టరు నకళ్ళు కొన్ని తెచ్చి గదిలో పెట్టుకున్నారు. త్వరలోనే నకళ్ళు పోయి అసలు వస్తువులు రావడం మొదలయింది. సంసారం పెద్దది, రాబడి అంతంతమాత్రం. కనుక ఆయన చూపు పెద్ద విగ్రహాల మీదికి పోలేదు. అరచేతిలో పట్టే కంచు దేవతలు, ఈజిప్టు సమాధుల్లో మృతునికి సేవకులుగా ఉంచే మట్టి బొమ్మలు, పేడపురుగు ఆకారంలో చెక్కిన తాయెత్తు రాళ్ళు, గ్రీకు కూజాలు, రోమను గాజు సీసాలు, చైనా జేడు రాతి బొమ్మలు. ఇలాంటివే ఆయన కొన్నవి. రోజూ మధ్యాహ్న భోజనం తరువాత షికారుకు బయలుదేరి, చుట్టల దుకాణంతో పాటు పాత వస్తువుల వర్తకుల దగ్గర కూడా ఆగేవారు. నకిలీ సరుకు అనే అనుమానం వస్తే వియన్నా మ్యూజియం నిపుణులకు చూపించేవారు. చేతిలో డబ్బు లేనప్పుడు తన దగ్గరున్న ఒక వస్తువు ఇచ్చి మరొకటి తెచ్చుకునేవారు. కొత్త బొమ్మ వచ్చిన రోజున దానిని భోజనాల బల్ల మీద తన ఎదురుగా పెట్టుకొని, చుట్టం వచ్చినంత సంబరంగా భోంచేసేవారట.

అయితే ఇల్లంతా బొమ్మలతో నింపలేదు. రోగులను చూసే గది, దానిని ఆనుకొని ఉన్న చదువుకునే గది, ఈ రెండింటికే వాటిని పరిమితం చేశారు. మిగతా ఇల్లు ఇల్లాలిది, పిల్లలది. ఆ రెండు గదుల్లో మాత్రం అలమరలు నిండి, వ్రాతబల్ల మీదికి కూడా వరుసలు దిగాయి. మన ఇళ్ళలో దసరాకో సంక్రాంతికో మెట్లు కట్టి బొమ్మల కొలువు పెడతాము. ఆయన కొలువుకు పండుగతో పని లేదు, ఏడాది పొడుగునా అదే. బల్ల మీద థోత్ దేవుని రూపమైన ఒక పాలరాతి కోతి ఉండేది. వ్రాసుకుంటూ మధ్యలో దాని తల నిమిరేవారని, పొద్దున్నే చైనా పండితుని బొమ్మను పలకరించేవారని ఇంట్లో పని చేసిన పౌలా అనే ఆవిడ తరువాతి కాలంలో చెప్పారు.

ఈ సరదాకూ ఆయన వృత్తికీ సంబంధం ఉంది. ట్రాయ్ నగరాన్ని తవ్వి తీసిన ష్లీమన్ అంటే ఆయనకు ఎంతో ఇష్టం. మనిషి మనసు కూడా పొరలు పొరలుగా పూడిపోయిన పాత ఊరి వంటిదని ఆయన అభిప్రాయం. ఒకసారి ఒక రోగికి తన గదిలోని పురాతన వస్తువులనే చూపించి, మట్టిలో పూడి ఉన్నందువల్లనే ఇవి చెడకుండా నిలిచాయని, పాంపే నగరం కూడా తవ్వి తీసిన తరువాతనే అరిగిపోవడం మొదలయిందని వివరించారు. మనసు అడుగున దాగిన బాధ కూడా అంతేనని, పైకి తెస్తే దాని బలం తగ్గుతుందని ఆయన భావం.

మన దేశం నుంచి కూడా ఒక బొమ్మ ఆ కొలువులో చేరింది. 1922లో కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ స్థాపించిన మనోవిశ్లేషణ సంఘం వారు, 1931లో ఫ్రాయిడ్ 75వ జన్మదినానికి దంతపు విష్ణుమూర్తిని పంపించారు. అది పాతది కాదు, కొత్తగా చెక్కించినదే. అయినా ఆయన దానికి వ్రాతబల్ల మీద చోటిచ్చారు. వియన్నా వాతావరణానికి దంతం బీటలు వారితే, కలకత్తా దేవునికి ఈ ఊరు పడలేదు కాబోలునని నవ్వుకున్నారు.

పెన్షనర్లమైన మనకు బాగా అర్థమయ్యే కష్టం ఒకటి ఆయనకూ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆస్ట్రియాలో ధరలు ఆకాశానికి అంటి, జీవితమంతా కూడబెట్టినది కరిగిపోయింది. అరవై దాటిన వయసులో విదేశీ రోగులను చూసి, విదేశీ డబ్బుతో సంసారం నిలబెట్టుకున్నారు. 1923లో దవడకు క్యాన్సర్ సోకింది. చుట్టలు మానలేకపోయారు. తరువాతి 16 సంవత్సరాలలో 30కి పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. నోటిలో కట్టుడు దవడతో మాట్లాడడం, తినడం నరకం. అన్నిటినీ ఓర్చుకొని రోజూ ఆ బొమ్మల ముందు కూర్చుని వ్రాస్తూనే ఉన్నారు.

1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలో ప్రవేశించింది. నాజీలు ఆయన ఇంటిని సోదా చేశారు. మార్చి 22న చిన్న కుమార్తె అన్నాను గెస్టాపో పోలీసులు తీసుకుపోయి, ఆ రోజు సాయంత్రానికి వదిలిపెట్టారు. అప్పటిదాకా ఊరు విడవనని పట్టుబట్టిన 81 ఏళ్ళ వృద్ధుడు ఆ రోజుతో కదిలారు. దేశం విడిచేవారు ఆస్తిలో నాలుగో వంతు పన్ను కట్టాలి. ఆయన శిష్యురాలు, గ్రీకు రాచకుటుంబపు కోడలు మేరీ బోనపార్ట్ ఆ సొమ్ము సర్దారు. బొమ్మలను ప్రభుత్వం వదులుతుందో లేదో ఎవరికీ తెలియదు. అన్నీ పోయినా ఒక్కటి దక్కాలని, ఫ్రాయిడ్ ఒక బొమ్మను ఏరి మేరీ బోనపార్ట్ ద్వారా రహస్యంగా దేశం దాటించారు. అది నాలుగు అంగుళాల కంచు ఎథీనా, గ్రీకుల జ్ఞాన దేవత. రోమను కాలం నాటిది. చేతిలో ఉండవలసిన ఈటె ఎప్పుడో పోయింది. రెండు వేలకు పైగా వస్తువులలో ఆయన ఎంచుకున్నది ఆ ఈటె పోయిన దేవతను.

ఆ మే నెలలో ఎంగెల్‌మన్ అనే యువకుడు ఫ్లాష్ వాడకుండా, ఎదుట కాపలా ఉన్న పోలీసుల కంట పడకుండా, ఆ ఇంటిని గది గదినా ఫొటోలు తీశాడు. ఏ బొమ్మ ఎక్కడ ఉండేదో ఈనాటికీ తెలుస్తున్నది ఆ ఫొటోల వల్లనే. మ్యూజియం అధికారి ఒకరు సేకరణ మొత్తానికి 30,000 మార్కులే విలువ కట్టడంతో అనుమతి దొరికింది. ఫ్రాయిడ్ జూన్ 4న రైలెక్కారు. పారిస్‌లో ఎథీనాను తిరిగి అందుకొని, 6వ తేదీన లండన్ చేరారు. పెట్టెలు తరువాత వచ్చాయి. మేర్స్‌ఫీల్డ్ గార్డెన్స్‌లోని కొత్త ఇంట్లో, వియన్నా బల్ల మీద ఏది ఎక్కడ ఉండేదో పౌలా జ్ఞాపకం నుంచే తీసి అదే వరుసలో పేర్చి పెట్టింది.

బొమ్మలు వచ్చాయి. కాని వియన్నాలో ఆయన నలుగురు చెల్లెళ్ళు ఉండిపోయారు. అందరూ డెబ్బై దాటినవారే. వారి ఖర్చులకు సొమ్ము ఇచ్చి వచ్చారు. వారికి ఫ్రాన్సులో చోటు ఇప్పించాలని మేరీ బోనపార్ట్ చేసిన ప్రయత్నం ఫలించలేదు. 1942లో నాజీలు ఆ నలుగురినీ శిబిరానికి తరలించారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ వార్త వినకముందే, 1939 సెప్టెంబరు 23న ఫ్రాయిడ్ తన బొమ్మల మధ్యనే కన్ను మూశారు. ఆయన సేకరణ గురించి ఎంత మురిసిపోతూ చదివినా, ఈ నాలుగు వాక్యాల దగ్గర నాకు ముందుకు సాగబుద్ధి కాదు. కంచుకు విలువ కట్టే అధికారి దొరికాడు గాని, నలుగురు ముసలి అక్కచెల్లెళ్ళకు ఒక కాగితం ఇచ్చే అధికారి దొరకలేదు.

మేరీ బోనపార్ట్ ఇదివరలో కానుకగా ఇచ్చిన ప్రాచీన గ్రీకు కూజాలో ఆయన అస్థికలను ఉంచారు. 1951లో మార్తా అస్థికలు కూడా అందులోనే చేరాయి. 2014 నూతన సంవత్సరపు రోజుల్లో దొంగల ప్రయత్నంలో ఆ కూజా బాగా దెబ్బ తిన్నది. ఇరవై మూడు శతాబ్దాలు నిలిచిన పాత్రకు ఆ గతి పట్టింది. అన్నా మాత్రం 1982లో తాను మరణించే వరకు తండ్రి గదిని చెదరనివ్వలేదు. 1986 నుంచి ఆ ఇల్లు మ్యూజియంగా ఉంది. ఎథీనా, కోతి, మన విష్ణుమూర్తి అందులోనే ఉన్నారు.

ఒక లోపం కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో వర్తకుల వద్దకు వచ్చిన ఇలాంటి సరుకులో చాలావరకు ఏ ఊరి సమాధి నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చినదో వ్రాసి పెట్టినవారు లేరు. వస్తువు మిగిలింది, దాని పుట్టుక పోయింది. మన దేశంలో 1972 చట్టం ప్రకారం వంద సంవత్సరాలు దాటిన శిల్పాలు, నాణేలు మొదలైనవి పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. అమెరికా నుంచి వచ్చిన మనుమలకు తాతల నాటి విగ్రహం మూట కట్టి ఇచ్చే ముందు సభ్యులు ఈ సంగతి గుర్తుంచుకోగలరు.

ఇక మన ఇళ్ళలోని కావడి పెట్టె, మరచెంబు, పాత అణాలు, అమ్మమ్మ గారి కుంకుమ భరిణె, ఇవి మ్యూజియానికి ఎక్కేవి కావు. అయినా ఏది ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలిసినంత వరకు ఒక చీటీ మీద వ్రాసి అందులో పెడితే బాగుంటుంది. ఆ చీటీ వ్రాసే పనికి మన వయసు వారి కంటే తగినవారు ఇంట్లో వేరొకరు ఉండరు.