గర్భిణి కార్డు మీది ఆ అంకె ఎవరిది?

గర్భం వచ్చాక మొదటిసారి ఆసుపత్రికి వెళ్తే మీ ఎత్తు, బరువు చూసి కార్డు మీద బీఎంఐ రాస్తారు. కాన్పు కాగానే బిడ్డను తూకం వేస్తారు. ఈ రెండు లెక్కల మీదా దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే దృష్టి పెట్టిన అడాల్ఫ్ కెట్లే అసలు డాక్టరే కాదు. ఖగోళ శాస్త్రవేత్త!

ఆయన 1796లో, ఇప్పటి బెల్జియంలోని ఘెంట్‌లో పుట్టారు. ఏడేళ్లకే తండ్రి పోయారు. చిన్న వయసులోనే లెక్కల మాస్టారుగా చేరి, 1819లో గణితంలో డాక్టరేట్ సాధించారు. నక్షత్రాల కొలతలకు సగటు తీసే పద్ధతిని మనుషులకు వర్తింపజేశారు. బ్రస్సెల్స్ ప్రసూతి ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన పిల్లల బరువులు చూశారు. మగపిల్లల సగటు 3.2 కిలోలు, ఆడపిల్లలది 2.9. మన దగ్గర ఇప్పటికీ చాలామంది పిల్లలు అంత తూగరు. పెద్దల బరువు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందనీ ఆయనే గమనించారు. ఈ వివరాలన్నీ 1835లో పుస్తకంగా తెచ్చారు.

మీరూ లెక్క కట్టి చూడండి. ఎత్తు ఒకటిన్నర మీటరు, బరువు 54 కిలోలు అయితే, 54ను 2.25తో భాగించాలి. 24 వస్తుంది. మన దేశ ప్రమాణాల్లో 23 దాటితే అధిక బరువే.

కెట్లే వెతికింది ‘సగటు మనిషి’ని. ఫలానా తల్లి లావా, సన్నమా అని తేల్చడం ఆయన ఉద్దేశం కాదు. మాకు మాత్రం అదే కావాలి. తల్లి బీఎంఐ 18.5 కంటే తక్కువైతే బిడ్డ రెండున్నర కిలోల లోపే పుట్టే ముప్పు ఎక్కువ. తల్లి బరువు ఎక్కువైతే గర్భంలో మధుమేహం రావొచ్చు. అప్పుడు ఆమె రక్తంలోని అదనపు గ్లూకోజు మాయ దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డ క్లోమం ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేస్తుంది, ఒంట్లో కొవ్వు చేరుతుంది. నాలుగు కిలోల బిడ్డ పుట్టాడని మిఠాయిలు పంచుతారు గానీ, పుట్టిన కొద్ది గంటల్లోనే ఆ బిడ్డకు షుగర్ పడిపోవచ్చు. పుట్టుక బరువు మీద తండ్రి ప్రభావం తల్లి కంటే తక్కువే. అయితే పిల్లలు ఎదిగే కొద్దీ వాళ్ల బరువులో ఆయన పోలికా, ఇంటి తిండీ కనిపిస్తాయి.

అందుకే ‘ఇద్దరి తిండి తినాలి’ అన్న మాట అందరికీ సరిపడదు. అమెరికా ప్రమాణాల్లో సన్నగా ఉన్న గర్భిణి 12.5 నుంచి 18 కిలోలు పెరగాలి. బీఎంఐ 30 దాటితే 5 నుంచి 9 చాలు. బరువు తగ్గాలనుకుంటే గర్భానికి ముందే తగ్గాలి. గర్భంతో ఉండగా కడుపు మాడ్చుకోకూడదు.

1855లో కెట్లేకి పక్షవాతం వచ్చింది. జ్ఞాపకశక్తి దెబ్బతిన్నా పని ఆపలేదు. 1874లో బ్రస్సెల్స్‌లో కన్నుమూశారు. ఆయన సూచీకి బీఎంఐ అనే పేరు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్, 1972లో.