ట్రౌటు చేప కోసం పాటుపడిన డాక్టరు

మన హోసూరు, క్రిష్ణగిరి చెరువుల్లో ట్రౌటు చేప బతకదు. దానికి చల్లటి పారే నీళ్లు కావాలి. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి పురుగులాగా చేసి, వసంతకాలంలో వాగుమీదికి విసిరి దాన్ని పట్టడం ఇంగ్లండు వాళ్లకి మహా సరదా. ఆ ఈకల పురుగులకి మన డెంకణికోట అడవుల్లో తిరిగే అడవికోడి మెడ ఈకలంటే ఒకప్పుడు భలే గిరాకీ! ఇప్పుడు ఆ కోడిని పట్టడం నేరం.

ఆ చేపని నీలగిరులకి తేవాలని చూసిన మనిషి ఫ్రాన్సిస్ డే. 1829లో ససెక్స్‌లో పుట్టి, 1852లో మద్రాసు ప్రెసిడెన్సీకి డాక్టరుగా వచ్చారు. వైద్యం జీతానికి, మనసంతా చేపలమీద. 1860ల్లో ట్రౌటు గుడ్లు తెప్పించే ప్రయత్నం చేశారు. అప్పటికి సూయజ్ కాలువ తెరవలేదు, ఊటీకి రైలు లేదు. దారిలో వేడి తగిలితే గుడ్లు చచ్చిపోతాయి. అదే జరిగింది.

అది కుదరకపోయినా మన నీళ్లలో ఉన్న చేపల్ని మాత్రం ఆయన వదల్లేదు. 1871లో దేశం మొత్తానికి చేపల శాఖ పెద్ద అధికారి అయ్యారు. సన్నకన్ను వలలతో పిల్లచేపల్ని ఊడ్చేస్తున్నారని గట్టిగా రాశారు. 1875 నుంచి 'ఫిషెస్ ఆఫ్ ఇండియా' భాగాలుగా వెలువడింది. బొమ్మలు చాలావరకు ఆయన గీసినవే. అందులో చేపల శాస్త్రీయ నామం కింద తమిళం, హిందీతోపాటు తెలుగు పేర్లూ ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో. నన్ను పట్టుకున్నది ఇదే. మా అవ్వ కొరమేను అంటుంది, సంతలో మాత్రం విరాల్ అని అడగాల్సిందే. మన పక్క చేపల తెలుగు పేర్లు ఎవరైనా రాసిపెట్టారా? పల్లెల్లో అడిగి మనమే రాసుకోవచ్చు గదా! ఆ డాక్టరు కూడా ఎవర్నో ఒకర్ని అడిగే రాసుకుని ఉంటారు గదా.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని గుంథర్‌తో ఆయనకి పడలేదు. అందుకే 1883లో తన చేపల్లో చాలావాటిని సిడ్నీ మ్యూజియంకి అమ్మేశారు. మన నదుల చేపలు ఆస్ట్రేలియా సీసాల్లోకి చేరాయి!

రిటైరయ్యాక మళ్లీ ట్రౌటే. స్కాట్లండులో హౌయీటౌన్ చేపల కేంద్రంలో ప్రయోగాలు చేసి, 1887లో పుస్తకం రాశారు. 1889లో చెల్టెన్‌హామ్‌లో కన్నుమూశారు. నీలగిరి వాగుల్లో ట్రౌటు నిలదొక్కుకోడానికి ఆ తరవాత సుమారు ఇరవై ఏళ్లు పట్టింది.