గంట మోగించిన విచారణ గురువు



మాఘమాసం దాటితే మన ఆర్మూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా పసుపు ఉడికే వాసన వస్తుంది. తవ్వేదీ, ఉడకబెట్టేదీ, ఎండబెట్టేదీ రైతే. ధర మాత్రం మార్కెట్ యార్డులో ఇంకొకరి నోట వినాలి. ఈ బాధ ఎరిగిన వారికి, రెండు వందల ఏళ్ళ క్రితం మెక్సికోలో జీవించిన ఒక విచారణ గురువు చరిత్ర పరాయిదిగా తోచదు. ఆయన ఫాదర్ మిగేల్ హిడాల్గో.

ఆయన 1753 మే 8న ఒక పెద్ద జమీందారీ క్షేత్రంలో జన్మించారు. తండ్రి అక్కడ సేద్యం పనుల అజమాయిషీ చూసేవారు. 1767లో స్పెయిన్ రాజు యేసుసభ గురువులను తన రాజ్యాలన్నిటి నుండి వెళ్ళగొట్టడంతో బాలుని చదువు చెదిరింది. తరువాత వల్లదోలిద్ నగరంలోని సాన్ నికొలాస్ కళాశాలలో చేరి, 1778లో గురుపట్టం పొంది, అదే కళాశాలకు 1790లో రెక్టారు అయ్యారు. తోటి విద్యార్థులు ఆయనను నక్క అని పిలిచేవారట. తత్త్వశాస్త్ర తరగతిలో వాదనలు విన్నవారికి ఆ పేరు నింద అనిపించదు.

అప్పట్లో మెక్సికోను కొత్త స్పెయిన్ అనేవారు. జనాభా సుమారు 60 లక్షలు. పై మెట్టు మీద స్పెయిన్‌లో పుట్టినవారు. పెద్ద ఉద్యోగాలు, పెద్ద వర్తకం వారివే. వారి సంతానమే అయినా ఆ గడ్డ మీద పుట్టినవారిది రెండో మెట్టు. హిడాల్గో ఈ వర్గానికి చెందినవారు. వారి కింద మిశ్రమ సంతతి, ఆ కింద ఏటా రాజుకు తలపన్ను కట్టే ఆదివాసులు, అందరికంటే అడుగున బానిసలు. ఎవరిది ఏ జాతో జ్ఞానస్నాన పుస్తకాలలో వేరువేరుగా రాసేవారు. ఆ రాత రాసింది గురువులే. ఇది చెప్పకుండా దాటిపోలేను.

గనుల వెండి ఓడలెక్కి పోయేది. వెండి తీయడానికి కావలసిన పాదరసాన్నీ, పొగాకునూ రాజు తప్ప మరొకరు అమ్మరాదు. స్పెయిన్ వర్తకుల సరుకుకు పోటీ రాకూడదని ద్రాక్ష, ఆలివ్ సాగు మీద ఆంక్షలు. దివ్యపూజకు వాడే ద్రాక్షరసం సైతం చాలావరకు సముద్రం దాటి రావలసిందే!

1803లో హిడాల్గో డొలోరెస్ విచారణకు వచ్చారు. అక్కడి ఆదివాసుల ఒతోమి భాష ఆయనకు వచ్చు. కుమ్మరి పని, తోళ్ళ పని, ఇటుకల తయారీ, వడ్రంగం నేర్పించారు. పట్టుపురుగుల కోసం మల్బరీ చెట్లు నాటించారు, తేనెటీగలు పెంచారు, ద్రాక్ష, ఆలివ్ వేయించారు. అయితే ఆయన జీవితంలో మచ్చ లేదని చెప్పను. గురువు అయి ఉండి బిడ్డల్ని కన్నారు. 1800లోనే ఆయన మాటతీరు మీద మతవిచారణ సభకు ఫిర్యాదు వెళ్ళింది.

ఇక అప్పుల సంగతి. పూజలకూ ధర్మకార్యాలకూ భక్తులిచ్చిన మూలధనాన్ని శ్రీసభ రైతులకూ గనులవారికీ నూటికి 5 వడ్డీకి ఇచ్చేది. వడ్డీ ముడుతున్నంత కాలం అసలు అడిగేది కాదు. యుద్ధ ఖర్చులలో మునిగిన రాజు 1804 డిసెంబరులో ఆ అసలంతా వసూలు చేసి తన ఖజానాకు పంపమని శాసనం చేశాడు. అప్పు మీద బతికే కమతాలు కుప్పకూలాయి. ఆ వెనుకే 1808, 1809లలో వానలు తప్పాయి. మొక్కజొన్న ధర కూలివాని చేతికి అందకుండా పోయింది.

కుట్ర బయటపడిందని కబురు రాగానే, 1810 సెప్టెంబరు 16, ఆదివారం తెల్లవారుజామున హిడాల్గో గుడి గంట మోగించారు. గ్వాదలూపే మరియమాత పటాన్ని జెండాగా పట్టుకొని వేలమంది వెంట నడిచారు. పన్నెండు రోజులకు గ్వానహువాటో నగరంలో ధాన్యపు గిడ్డంగిలో దాక్కున్న స్పెయిన్‌వారిని ఆ జనం ఊచకోత కోసింది. ఆపడం ఆయన వల్ల కాలేదు. తరువాత బందీలను చంపించింది మాత్రం ఆయన ఆజ్ఞే. అదే మనిషి డిసెంబరులో గ్వాదలహారా నుండి, బానిసలను పది రోజులలో విడిచిపెట్టాలనీ తలపన్ను రద్దనీ శాసనం చేశారు.

ఆయనకు వెలివేత ప్రకటించింది పాత స్నేహితుడే, మిచువకాన్ మేత్రాసనానికి ఎన్నికైన పీఠాధిపతి అబాద్ యి కైపో. తలపన్ను తీసివేయమనీ, బీడు భూములు పేదలకు పంచమనీ 1799లోనే రాజుకు విన్నపం రాసింది కూడా ఈయనే. ఇద్దరూ చూసిన రోగం ఒకటే. విన్నపానికి పదకొండేళ్ళు గడిచినా తలపన్ను అలాగే ఉంది. ఎవరి పక్షాన నిలబడాలో నాకు నేటికీ తేలలేదు.

1811 జనవరి 17న హిడాల్గో సేన ఓడింది. మార్చిలో పట్టుబడ్డారు. గురుపట్టం తొలగించి, జూలై 30న చివావా నగరంలో కాల్చి చంపారు. తలను ఇనుప పంజరంలో పెట్టి ఆ ధాన్యపు గిడ్డంగి మూలకే వేలాడదీశారు. 1821లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చేదాకా అది అక్కడే ఉంది.

ఆయన విచారణ ఊరిని ఇప్పుడు డొలోరెస్ హిడాల్గో అంటారు. అక్కడి కుమ్మరులు నేటికీ కుండలు, పలకలు చేసి అమ్ముకుంటున్నారు.