ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్



మన పిల్లలకు టిప్పు సుల్తాన్ పేరు తెలుసు, అష్ఫాఖుల్లా ఖాన్ పేరు తెలుసు, మౌలానా ఆజాద్ పేరు తెలుసు. షోయబుల్లా ఖాన్ ఎవరని అడిగితే మాత్రం ఇంట్లో పెద్దలు కూడా కాసేపు ఆలోచిస్తారు. ఆయన తెలుగు గడ్డ మీద పుట్టినవారే, ఉర్దూ అఖ్బార్ నడిపినవారే. 28 ఏళ్ళు నిండకుండానే నడివీధిలో హత్యకు గురయ్యారు. చంపినవాళ్ళు పరాయివాళ్ళు కాదు, మన కౌమ్ పేరు చెప్పుకుని తిరిగినవాళ్ళు. అందుకేనేమో, ఆయనను మనం అంతగా తలచుకోము. ఆయన జీవితాన్నీ, ఆయన పోయిన వెంటనే జరిగిన ఘోరాలనూ కలిపి చెప్పుకుంటేనే దాని విలువ తెలుస్తుంది. కాబట్టి రెండూ ఇక్కడ రాస్తున్నాను.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17న వరంగల్ జిల్లా మానుకోట ప్రాంతంలోని సుబ్రవేడులో జన్మించారు. మానుకోట అంటే ఇప్పటి మహబూబాబాద్. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు ఉద్యోగి. కొడుకు పుట్టిన రోజునే గాంధీజీని రైలు స్టేషనులో చూశాననీ, పిల్లవాడి ముఖంలో ఆ పోలిక కనబడిందనీ ఆ తండ్రి చెప్పుకుని, ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవారట. అది ఎంతవరకు నిజమో గాని, నిజాం కొలువులో ఉన్న ఒక ముస్లిం ఉద్యోగి ఇంట్లో ఆ పేరు ముద్దుపేరు అయిందంటే ఆ ఇల్లు ఎలాంటిదో మనం ఊహించుకోవచ్చు.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో అంత చదువు ఉన్న ముస్లిం యువకుడికి నిజాం ప్రభుత్వంలో ఉద్యోగం కష్టమేమీ కాదు. ఆయన అటు పోలేదు, కలం పట్టుకున్నారు. మొదట తేజ్ అనే ఉర్దూ పత్రికలో రాశారు. ప్రభుత్వం దాన్ని మూయించింది. తరువాత మందుముల నర్సింగరావు గారు నడిపిన రయ్యత్‌లో చేరారు. రయ్యత్ అంటే రైతు, ప్రజ అని మనకు తెలుసు. అదీ మూతబడింది. రెండుసార్లు ఉపాధి పోయింది గదా, ఇక బుద్ధిగా ఇంట్లో కూర్చుంటారని అందరూ అనుకుని ఉంటారు. ఆయన సొంతంగా ఒక దినపత్రిక పెట్టారు. ఇంట్లోని ఆడవారి నగలు అమ్మారని చెబుతారు. బూర్గుల రామకృష్ణారావు గారు అండగా నిలిచారు. 1947 నవంబరు 15న మొదటి సంచిక వెలువడింది. పత్రిక పేరు ఇమ్రోజ్, అంటే ఈ రోజు.

ఆ రోజులు ఎలాంటివో కొంచెం చెప్పాలి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది గాని హైదరాబాదు సంస్థానం యూనియన్‌లో కలవలేదు. సంస్థానంలో నూటికి ఎనభైకి పైగా హిందువులు, పాలన మాత్రం నిజాంది. మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు అప్పుడు నాయకుడు లాతూరు వకీలు కాసిం రజ్వీ. ఆయన కింద రజాకార్ల దళాలు తయారయ్యాయి. నేను ఉర్దూ చెప్పే పంతులును కనుక ఈ మాట దగ్గర ఆగక తప్పదు. రజాకార్ అంటే కూలి ఆశించకుండా, సొంత ఇష్టంతో సేవ చేసేవాడు. ఎంత మంచి మాటండీ! ఆ రెండేళ్ళలో వాళ్ళు చేసిన పనుల వల్ల నేటికీ తెలుగు పల్లెల్లో అది తిట్టుగానే మిగిలిపోయింది.

ఊళ్ళ మీద దాడులు, దోపిడీలు, ఇళ్ళు తగలబెట్టడాలు పెరిగాయి. వేలాది హిందూ కుటుంబాలు సరిహద్దులు దాటి మన కృష్ణా జిల్లా వైపు, బెజవాడ వైపు వచ్చి తలదాచుకున్నాయి. మరోవైపు పంజాబులోనూ, ఇతర చోట్లా ముస్లిములు చచ్చిపోయిన కబుర్లు విని హైదరాబాదు ముస్లిములు భయంతో ఉన్నారు. ఆ భయమే రజ్వీకి పెట్టుబడి. రజాకార్లు లేకపోతే మనం మిగలమని సామాన్యుడి చేత నమ్మించాడు.

ఆ వేళ షోయబుల్లా ఖాన్ అదే ఉర్దూలో, అదే జనానికి, దానికి సరిగ్గా ఎదురు మాట రాశారు. సంస్థానం ఇండియన్ యూనియన్‌లో చేరాలనీ, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలనీ, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలనీ రాశారు. ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. రజాకార్లను తిడుతూ బొంబాయిలోనో మద్రాసులోనో ఇంగ్లీషులో రాసినవారు చాలామందే ఉన్నారు. వాళ్ళ రాతలు రజాకార్ చదవడు, అతని తల్లి చదవదు. ఇమ్రోజ్‌ను వాళ్ళు చదువుతారు. అందుకే అంత కోపం వచ్చింది.

ఆయన ఒంటరి కూడా కాదు. బాఖర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా వంటి ఏడుగురు ముస్లిం ప్రముఖులు 1948 ఆగస్టులో ఒక ప్రకటన చేశారు. రజాకార్ల సంస్థను రద్దు చేయాలనీ, హైదరాబాదు యూనియన్‌లో చేరాలనీ దాని సారాంశం. వీరిలో ఫరీద్ మీర్జా నాందేడ్ జిల్లాలో తహసీల్దారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి బయటికి వచ్చినవారు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ అచ్చువేసింది.

అప్పటికే బెదిరింపు ఉత్తరాలు వస్తున్నాయి. తమకు ఎదురుగా లేచిన చేతులను నరికేస్తామని సభల్లో బాహాటంగానే అంటున్నారు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి వేళ షోయబుల్లా ఖాన్ పత్రిక పని ముగించుకుని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడ ప్రాంతంలో ఇంటికి నడిచి వస్తున్నారు. దారిలో కాపు వేసి పడ్డారు. కాల్చారు, కత్తులతో నరికారు. రాసే కుడి చేతిని తెగ్గొట్టారు. అడ్డుపడ్డ ఇస్మాయిల్ ఖాన్ కూడా తీవ్రంగా గాయపడ్డారు. 22 తెల్లవారుజామున షోయబుల్లా ఖాన్ కన్నుమూశారు. ఇమ్రోజ్ ఆయనతోనే ఆగిపోయింది. పది నెలలు కూడా నిండలేదు.

ఇంతవరకు ఆయన జీవితం. ఇక తరువాత జరిగింది వినండి.

ఐదు రోజులకు, ఆగస్టు 27న, రజాకార్లూ నిజాం పోలీసులూ కలిసి భైరాన్‌పల్లి అనే ఊరి మీద పడ్డారు. అంతకు ముందు దాడులను ఆ ఊరివారు బురుజు ఎక్కి తిప్పికొట్టారు. ఈసారి తొంభై మందికి పైగా ఊరివారిని వరుసలు నిలబెట్టి, వెతికి వెతికి చంపారు. ఆ బురుజు ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఇంకా ఉంది.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. ఒక దళం మన బెజవాడ వైపు నుంచే సూర్యాపేట మీదుగా వెళ్ళింది. 17న నిజాం లొంగిపోయాడు. యుద్ధం ఐదు రోజుల్లో ముగిసింది గాని, చావులు ముగియలేదు. రజాకార్లు చేసిన పాపానికి, రజాకార్ల ముఖం కూడా ఎరుగని ముస్లిములు బలయ్యారు. నెహ్రూ గారి కోరికపై పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నవంబరు 29న హైదరాబాదు చేరి, డిసెంబరు 21 వరకు తిరిగారు. కాజీ గారు కూడా హైదరాబాదులో పయాం అనే ఉర్దూ పత్రిక నడిపినవారే. 16 జిల్లాల్లో 9 జిల్లాలు చూశారు, తాము వెళ్ళలేని 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా జనంతో మాట్లాడారు. చనిపోయినవారి సంఖ్య 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటుందని వారి అంచనా. అందులో 18 వేలకు తక్కువ కాకుండా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ అనే నాలుగు జిల్లాల్లోనే పోయారని రాశారు. కొన్నిచోట్ల సాయుధ దళాలవారికి కూడా ఇందులో చెయ్యి ఉన్నదని రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. తరువాత చరిత్రకారుల పుస్తకాల ద్వారా జనం చేతికి వచ్చింది.

సరిగ్గా ఆ ముగ్గురూ ఊళ్ళు తిరుగుతున్న రోజుల్లోనే, 1948 డిసెంబరు 9న, పారిస్‌లో ఐక్యరాజ్యసమితి జాతి హననాన్ని అంతర్జాతీయ నేరంగా ప్రకటించే ఒప్పందాన్ని ఆమోదించింది. రాఫెల్ లెమ్కిన్ అనే యూదు న్యాయవాది హిట్లర్ చేతిలో తన కుటుంబాన్ని దాదాపు పూర్తిగా పోగొట్టుకుని, ఆ నేరానికి ఒక పేరు పెట్టి, దేశదేశాల ప్రతినిధుల చుట్టూ తిరిగి సాధించిన ఒప్పందమది. శిక్షించడమే కాదు, జరగకముందే నివారించడం కూడా ప్రభుత్వాల బాధ్యత అని అందులో ఉంది. మన దేశం 1959లో దానిని ధ్రువీకరించింది. కాని మన దేశీయ చట్టంలో ఆ నేరానికి చోటు లేదని, 1984 సిక్కుల హత్యల కేసులో ఢిల్లీ హైకోర్టు 2018లో ఎత్తిచూపింది. హైదరాబాదులో జరిగినదానికి ఏ పేరు సరిపోతుందో పండితులు వాదించుకుంటారు. పేరు ఏదైనా, చచ్చినవారు ఏ నేరం చేశారని కాదు, ఎవరికి పుట్టారని చూసి చంపారన్నది నిజం.

ఇలాంటి వాటి గురించి జనం అనే మాటలు ఎక్కడైనా మూడే. అసలు జరగలేదంటారు. వాళ్ళే ముందు చేశారంటారు. పాత గాయాలు ఇప్పుడెందుకు రేపుతారంటారు. ఏటా సెప్టెంబరు 17 వస్తే తెలంగాణలో ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు. ఒకరు భైరాన్‌పల్లి శవాలను లెక్కపెడతారు, ఒకరు ఉస్మానాబాద్ శవాలను లెక్కపెడతారు. రెండు చోట్లా పోయినవారిని ఒకే నోటితో లెక్కపెట్టేవారు బహు తక్కువ. మనవాళ్ళ చావు మాత్రమే చావు అని నేర్చుకున్న పిల్లవాడు రేపు ఎదుటివారి చావుకు చలించడు. తరువాతి హత్యాకాండకు పునాది అక్కడే పడుతుంది.

షోయబుల్లా ఖాన్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. జాలిం చెయ్యి పట్టుకుని ఆపడం కూడా అతనికి సాయమేనని మన దీన్‌లో చిన్నప్పుడే నేర్పుతారు. ఆయన చేసింది అదే. హిందువులకు మేలు చేయబోయి కౌమ్‌కు ద్రోహం చేశాడని ఆయనను తిట్టారు. తీరా చూస్తే, రజాకార్లు నాడు ఆగి ఉంటే అందరికంటే ఎక్కువ మేలు పొందేది ఉస్మానాబాద్, బీదర్ పేద ముస్లిములే. రజ్వీ 1957 వరకు జైలులో ఉండి పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. పేదవాడు ఎక్కడికి పోతాడు?

అటువైపు కూడా ఇలాంటి మనుషులు ఉన్నారు. పొరుగు ముస్లిములను తమ ప్రాణాలు పోగొట్టుకుని కూడా కాపాడిన హిందువుల సంగతి సుందర్‌లాల్ కమిటీయే రాసింది. ఒకే పని చేసుకునేవారి మధ్య ఈ అభిమానం ఎక్కువగా కనబడిందట. కొన్నిచోట్ల సాటి హిందువులే దాడికి వస్తే హిందూ సాలెవారు ముస్లిం సాలెవారికి అడ్డంగా నిలబడ్డారు, కొందరు చచ్చిపోయారు. వాళ్ళు ఏ ఒప్పందమూ చదివినవారు కారు. పక్క మగ్గం మీద కూర్చున్నవాడి పేరు, వాడి పిల్లల పేర్లు వాళ్ళకు తెలుసు, అంతే.

మన కూచిపూడిలో ఇవన్నీ ఎందుకంటారా? ఈ ఊరిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చింది గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. పొలం కౌలులోనూ, పెడన అద్దకం పనిలోనూ, బందరు రోల్డుగోల్డు పనిలోనూ పక్కపక్కనే కూర్చుని బతుకుతున్నాం. నిజమే. కాని భైరాన్‌పల్లిలోనూ, బీదరులోనూ కూడా తరతరాలుగా కలిసే బతికారు. కలిసి బతకడం ఒక్కటే కాపాడదు. చెడు మాట మొదటిసారి లేచినప్పుడు, సొంతవాళ్ళ మధ్య లేచి కాదనే మనిషి ప్రతి వాడలోనూ, ప్రతి కులంలోనూ, ప్రతి జమాత్‌లోనూ ఉండాలి. కత్తులు లేచాక ఆ మాటకు బలం చాలదు.

ఇప్పుడు ఆ చెడు మాట సభలో కాదు, సెల్‌ఫోనులో వస్తుంది. ఎక్కడో ఎవరినో కొట్టారని వీడియో వస్తుంది. ఎప్పటిదో, ఏ ఊరిదో తెలియదు. దాన్ని ముందుకు పంపకుండా ఆపడం, ఎదుటి వాడ పెద్దలకు ఫోను చేసి నిజం కనుక్కోవడం, అవసరమైతే రెండు వైపుల పెద్దలూ కలిసి ముందే పోలీసు స్టేషనుకు వెళ్ళడం మన చేతిలో ఉన్న పనులే. మన సంఘం ఒక చిన్న పని చేస్తే బాగుంటుందని నా మనవి. ఏటా ఆగస్టు 22న షోయబుల్లా ఖాన్ గారిని స్మరించుకుందాం. ఆ సభకు హిందూ సోదరులను పిలుద్దాం. భైరాన్‌పల్లిలో పోయినవారి కోసమూ, ఆ నాలుగు జిల్లాల్లో పోయినవారి కోసమూ ఒకే దువా చేద్దాం. పిల్లలు పక్కన కూర్చుని వింటారు. వాళ్ళకు ఆ లెక్క రెండు వైపులా తెలియడం ముఖ్యం.

అల్లాహ్ ఆ మనిషి ధైర్యంలో కొంతైనా మనకు ప్రసాదించుగాక. ఆమీన్.